నల్లేరుపై బండి: సౌలభ్యబోధకములగు పలుకుబడుల పుట్టుక

ఒక పని సులభమని చెప్పుటకు తెలుగువారికి పలుకుబడుల కొదువ లేదు. నల్లేరుపై బండి నడక, కొట్టిన పిండి, మంచినీళ్ళ ప్రాయము, వెన్నతో పెట్టిన విద్య, ఒలిచి చేతిలో పెట్టిన అరటిపండు, ఎడమచేతి పని, చిటికెలో పని – ఇట్లు వ్రాసికొనుచు పోయినచో పుట నిండును. సంస్కృతమునుండి వచ్చిన కరతలామలకము, అవలీల, తృణప్రాయము మున్నగునవి వీనికి తోడు. నిఘంటువులు వీని కన్నింటికిని ఇంచుమించుగా ఒకే అర్థమును చెప్పును: సులభము, అనాయాసము. విద్యార్థి దానిని వల్లించును. పరీక్షలో సొంతవాక్యము వ్రాయును. అంతటితో ఆ పలుకుబడి చదువు ముగియును. ఈ పద్ధతి చాలదు. సౌలభ్యమును చెప్పు పలుకుబడి ఎక్కడ పుట్టినదో, ఎవరి నోట పుట్టినదో తెలియనంతవరకు దాని అర్థము సగమే తెలిసినట్లు. మైదానమున కూర్చుండి నిఘంటువు త్రిప్పువానికి ఈ సంగతి అంతగా తోచదు. తూర్పు కనుమలలో, అరకులోయ పరిసరములందు నిలిచి అవే పలుకుబడులను మరల ఉచ్చరించినచో వెంటనే తోచును.

మొదట నల్లేరు. ఇది నాలుగు పలకల కాడ గల తీగ. కణుపు కణుపునకు విరుగును. కంచెలపైనను మెట్టనేలలపైనను ప్రాకును. ఆయుర్వేదము దీనిని వజ్రవల్లి యనియు, అస్థిశృంఖల యనియు, అస్థిసంహారి యనియు వ్యవహరించి, విరిగిన ఎముకలు అతుకుటకు వాడినది. లేతకాడలను చింతపండుతో ఉడికించి పచ్చడి చేయుదురు. పులుసు తగులక తిన్నచో నోరు దురదపెట్టును. ఇట్టి తీగ బండిదారిలో ప్రాకియున్నప్పుడు ఇనుపపట్టా వేసిన చక్రము దానిపైనుండి పోయినచో నీరుపట్టిన కాడలు మెత్తగా నలిగి చక్రమునకు పరుపువలె అమరును. బండికి కుదుపు లేదు. ఎద్దులకు శ్రమ లేదు. ఇది బండిపై కూర్చున్నవాడు చెప్పిన మాట. నలిగిన తీగను గూర్చి జాతీయము పలుకదు.

ఇటీవలి పత్రికలలో ఈ జాతీయము 'నల్లేరు మీద నడక'గా మారినది. ఎన్నికల వార్తలలోను క్రికెట్టు వార్తలలోను ఈ రూపమే తరచుగా కనబడును. బండి జారిపోయినది. బండి పోయిన పిమ్మట నడచువాడెవడు? ఉత్తకాళ్ళ మనుష్యుడే గదా! పచ్చినల్లేరు రసము తగిలిన చర్మము దురదపెట్టును. కావున ఈ కొత్తరూపము వాచ్యార్థమున సౌలభ్యమునకు బదులు బాధనే చెప్పుచున్నది. ఆంగ్లమున 'కేక్‌వాక్' అను మాట ఇదే సందర్భమున వాడబడును. అందలి 'వాక్' అను నడక విలేకరి చెవిలో మ్రోగుచుండగా తెలుగు బండి త్రోవ తప్పినదని ఊహించుట అసంగతము కాదు.

ఆ ఆంగ్లపదము కథ వేరు. 19వ శతాబ్దిలో అమెరికా దక్షిణరాష్ట్రముల తోటలలో బానిసలుగా నుండిన ఆఫ్రికా సంతతివారు జంటలు జంటలుగా ఠీవితో నడచుచు ఒక నృత్యము చేసెడివారు. దొరల, దొరసానుల నడకతీరును అనుకరించి లోలోన పరిహసించుటయు అందు కలదని చరిత్రకారులు చెప్పుదురు. చక్కగా నడచిన జంటకు కేకు బహుమానము. ఆ శతాబ్ది చివరకు ఆ నృత్యము నాటకశాలల కెక్కినది. అతిసులభమైన పని యను అర్థము తరువాతిది. 'కేకుముక్క' యను మరియొక పలుకుబడి ఇదే అర్థమున 1936లో ఆగ్డెన్ నాష్ అను అమెరికా కవి రచనయందు కనబడుచున్నది. పగలంతయు తోటలో నడుము వంచి, పొద్దుగూకిన పిమ్మట బహుమానమునకై కాళ్ళాడించిన వానికి ఆ నడక సులభమా? చూచి వినోదించిన దొరకు సులభము. భాషలో నిలిచిన అర్థము దొరవైపునుండి చూచినదే.

తెలుగు పలుకుబడులలో కొన్నింటిని వ్యాకరణదృష్టితో పరిశీలించినచో ఇట్టి విశేషమే మరింత సూక్ష్మముగా బయటపడును. కొట్టిన పిండి, ఒలిచిన పండు, వెన్నతో పెట్టిన విద్య, వడ్డించిన విస్తరి – అన్నియు ధాతుజవిశేషణములతో ఏర్పడినవి. కొట్టుట, ఒలుచుట, పెట్టుట, వడ్డించుట అను నాలుగును సకర్మకక్రియలు. క్రియ యున్నప్పుడు కర్త యుండి తీరవలెను. ఈ నాలుగింటను ఆ కర్త కానరాడు. పిండి కలదు, కొట్టినవారు లేరు. పండు కలదు, ఒలిచినవారు లేరు. సంస్కృతమున కర్మార్థమునందు క్తప్రత్యయము వచ్చినప్పుడు అనభిహితుడైన కర్తను తృతీయావిభక్తితో చెప్పవచ్చును. చెప్పకున్నను వాక్యము చెడదు. తెలుగు జాతీయము ఆ చెప్పకుండు మార్గమునే పట్టినది. ఇది యాదృచ్ఛికమని త్రోసివేయుటకు వీలులేదు. కర్తను చెప్పినచో సౌలభ్యము నిలువదు. 'తల్లి తెల్లవారుజామున లేచి, బియ్యము నానబోసి, రోట దంచి, జల్లించిన పిండి' అన్నచో అది సులభమైన పనియని ఎవ్వరనగలరు?

అమరము వానికి కొట్టిన పిండి యనునప్పుడు కొట్టినది ఆ విద్యార్థియే యని ఆక్షేపింపవచ్చును. నిజమే. పదము, క్రమము, జట, ఘనము వరకు వల్లించిన వేదపాఠశాల విద్యార్థి ఎన్నియేండ్లు దంచెనో సభలో సంభావన యిచ్చువారికి కనబడదు. ఆయన నోటినుండి ధారగా వెలువడు ఘన మాత్రమే వినబడును. అందుచేత అక్కడ కూడ కర్త మరుగుపడుట మానలేదు.

వడ్డించిన విస్తరి విషయమున ఈ మరుగు మరింత దట్టమైనది. కష్టమెరుగక సిద్ధముగా దొరకిన జీవితమును వడ్డించిన విస్తరి యందురు. వడ్డించినవారే కాదు, విస్తరి కుట్టినవారును, ఆకు కోసినవారును ఈ మాట వెనుక ఉన్నారు. ఉత్తరాంధ్రమున పెండ్లిపందిళ్ళలోను, ప్రసాదవినియోగమునను తరతరములుగా వాడినది పెక్కుచోట్ల అడ్డాకు విస్తరి. అడ్డతీగ తూర్పుకనుమల అడవులలో పెద్దవృక్షముల నల్లుకొని పైకెగబ్రాకు బలమైన తీగ. ఆకు వెడల్పై, కొన చీలి, పశువు గిట్టను తలపించును. దానిని కోయుటకు గిరిజన స్త్రీలు, పిల్లలు అడవిలో దూరము పోవుదురు. తెచ్చిన ఆకును ఎండలో ఆరబెట్టవలెను. ఎక్కువ ఎండినచో విరుగును, తక్కువ ఎండినచో బూజుపట్టును. కట్టలు కట్టి నెత్తిన పెట్టుకొని సంతకు దిగుదురు. అచ్చట కొన్నవారు ఈనెలతో కుట్టి విస్తరి చేయుదురు. కొన్ని యిండ్లలో కోసినవారే కుట్టుదురు. ఇంత జరిగిన పిమ్మట విస్తరి వంటయింటిలోనికి వచ్చును, ఆ తరువాత వడ్డన. 1956లో ఏర్పడి విశాఖపట్టణము కేంద్రముగా పనిచేయు గిరిజన సహకార సంస్థ కొను అటవీఫలసాయములలో తేనె, చింతపండు, ఉసిరి వంటివి ముఖ్యములు. కరతలామలకమందలి ఉసిరికాయ అరచేతిలో ఉండుటకు ముందు చెట్టుననుండెను, ఆ చెట్టు తరచుగా కొండవాలున నుండెను. ఆ న్యాయమునకు ముఖ్యార్థము సుస్పష్టమగు దర్శనము. సౌలభ్యము దానినుండి పుట్టిన అర్థము. కాని అరచేయి ఒకరిది, కోసిన చేయి వేరొకరిది కావచ్చునను మాట రెండర్థములకును చెల్లును.

మంచినీళ్ళ ప్రాయమను మాట నిక ఎక్కువగా విడమరచి చెప్పనక్కర లేదు. ప్రాయమనగా ఇట తుల్యమని అర్థము. త్రాగుట యొక్కటే పనియైనచో మంచినీళ్ళకంటె సులభమైనది లేదు. కొండవాలుననున్న పల్లెలో స్త్రీ దిగువ ఊటకో, చెలమకో, గెడ్డకో దిగి, నిండిన బిందెతో ఎక్కి రావలెను. కొన్ని గ్రామములకు ఊటనీటిని గొట్టములద్వారా తెచ్చు పథకములు వచ్చినవి, అన్నింటికిని రాలేదు. ఆ పల్లెపిల్లవాడు 'మంచినీళ్ళ ప్రాయము'ను కష్టమైన పని యను అర్థమున సొంతవాక్యములో వాడినచో సున్న వేయుట సులభమే. ఆ సున్నకు అర్హులెవరో ఆలోచింపవలసిన విషయము.

కొండలు తెలుగు పలుకుబడులలో కనబడకపోలేదు. డబ్బున్నచో కొండమీది కోతియైనను దిగివచ్చునందురు. కొండమీది కోతిని దుర్లభవస్తువుగా ఎంచినవాడు నిస్సందేహముగా కొండ క్రిందివాడు. కొండమీద చేను గలవానికి కోతి దుర్లభము కాదు. దానిని పోగొట్టుటయే దుర్లభము. అడవి గాచిన వెన్నెల సౌలభ్యమును గూర్చినది కాకపోయినను చూపు అదే. అడవిలో కాచిన వెన్నెల వ్యర్థమనుటకు అడవిలో మనుష్యులు లేరని అనుకొనవలెను. వెన్నెల వెలుగున కాలిబాట పట్టి ఇల్లు చేరువారు అక్కడ ఉన్నారు. నేడు యాత్రికులకు అరకు ప్రయాణము నల్లేరుపై బండియే. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమున 58 సొరంగములు దాటి కిటికీలోనుండి లోయను చూచుచు పోవుదురు. బైలాడిలా ఇనుపఖనిజము రేవునకు చేర్చుటకై 1960 దశకమున వేసిన మార్గమది. సొరంగములు తొలిచినవారి పేర్లు ఏ స్టేషనునకును లేవు.

ఇట్టి వానిలో పండితులకు ప్రీతిపాత్రమై, కొండకు నేరుగా సంబంధించినది అర్కమధున్యాయము. దాని భావమిది: జిల్లేడుచెట్టుననే తేనె దొరకునెడల కొండకు పోనేల? కోరినది చేరువలోనే సిద్ధించునప్పుడు తెలిసినవాడెవడును అధికయత్నము చేయడు. శాబరభాష్యమునందును, వాచస్పతిమిశ్రుని సాంఖ్యతత్త్వకౌముదియందును ఈ న్యాయము కలదు. జాకబు దొర తన లౌకికన్యాయాంజలిలో దీనిని చేర్చెను. పాఠభేదము కలదు: 'అర్క' యని కొందరు, 'అక్క' యని కొందరు. అక్కయనగా ఇంటిమూల యని వ్యాఖ్యానము. జిల్లేడుపూలపై తుమ్మెదలు వాలుట ఎల్లరును చూచునదే కనుక అర్కపాఠము పొసగకపోదు; చేరువ యను భావమునకు అక్కపాఠము ఎక్కువ సూటియైనది. ఈ పాఠచర్చపై వ్యయించిన శ్రమలో కొంతయైనను రెండవభాగమగు కొండపై పెట్టినవారు అరుదు.

పెద్ద తేనెటీగలు నిలువైన బండచరియలకును, ఎత్తైన చెట్లకొమ్మలకును పట్టు పెట్టును. తేనె తీయువాడు పచ్చియాకుల పొగ వేసి, త్రాటిపై వ్రేలాడుచు, పెక్కుసార్లు రాత్రివేళ ఆ పని చేయును. జారినచో చావు, ఈగలు రేగినచో అంతకు తక్కువ కాదు. పుట్టలలోను చెట్టుతొర్రలలోను ఉండు చిన్నయీగల తేనె వేరు. సుశ్రుతుడు చెప్పిన ఎనిమిది మధుభేదములలో పుట్టలయందు లభించు ఔద్దాలకము కలదు. చూచినవారిని అడిగి తెలిసికొనకయే ఆ విభాగము శాస్త్రమునకు వచ్చియుండదు. న్యాయమునందు 'కొండకు పోవుట' యను మాటలోనే వక్త నిలిచిన తావు తెలియుచున్నది. అతడు క్రింద ఉన్నాడు. కొండపైననే ఇల్లున్నవానికి అక్కపాఠమున ఈ న్యాయము పొసగనే పొసగదు. వాని ఇంటిమూలయు కొండయే.

న్యాయమును బోధించునప్పుడు తరచుగా విడిచిపెట్టబడు అంశము మరియొకటి కలదు. పై రెండు గ్రంథములలోను ఇది పూర్వపక్షి నోటిమాట. మీమాంసలో అర్థవాదాధికరణమున, పూర్ణాహుతిచేతనే సర్వకామములును లభించునని వినబడుచుండగా తక్కిన కర్మలు వ్యర్థములు గదా యని ఆక్షేపించువాడు దీనిని దృష్టాంతముగా తెచ్చును. సిద్ధాంతి సమాధానము మరువరానిది: లోకమునందువలెనే కర్మపరిమాణమును బట్టి ఫలమున విశేషముండును. సాంఖ్యమునందు, వైద్యుడు, మంచి ఆహారము మొదలగు దృష్టోపాయములు సులభముగా నుండగా శాస్త్రజిజ్ఞాస యేల యనువాని మాటగా ఇది వచ్చును. ఆ ఉపాయములు తప్పక ఫలించునవి కావనియు, ఫలించినను దుఃఖము మరల రాక మానదనియు అచట సమాధానము. రెండు దర్శనములును సులభమను మాటను వినగానే అంగీకరింపక, ఎవనికి, ఎంతవరకు అని అడిగినవి. కాని ఆ న్యాయము శాస్త్రమునుండి ఊడి లోకోక్తిగా తిరుగునప్పుడు పూర్వపక్షమే సిద్ధాంతమై కూర్చున్నది. నేటి ఉపన్యాసములలో దీనిని వాడువారు ఎక్కువమంది పూర్వపక్షి పక్షమునే మాటాడుచున్నారు.

దీనిపై ఒక బలమైన ఆక్షేపణ రాగలదు. రూఢి యోగమును అపహరించును గదా. జాతీయమొకసారి రూఢమైన పిమ్మట దాని పుట్టుకను త్రవ్వుట నిష్ప్రయోజనము గదా యని. ఆలంకారికులు ఈ చర్చను కుశలశబ్దముపై చేసినవారే. చేయి కోసికొనకుండ దర్భ తెచ్చువాడు కుశలుడు; ఏ పనిలోనైనను నేర్పరియైనవానికి ఆ పేరు వచ్చినది. కావ్యప్రకాశమున మమ్మటుడు దీనిని రూఢిలక్షణకు ఉదాహరించెను. సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు అంగీకరింపక, వ్యుత్పత్తినిమిత్తము వేరు, ప్రవృత్తినిమిత్తము వేరు, కుశలునికి నేర్పరి యనుటయే ముఖ్యార్థమనెను. వ్యవహారమున విశ్వనాథుని పక్షము నెగ్గును. మాటాడువాడు ప్రతిపదమునకు వ్యుత్పత్తి వెదకికొనుచు మాటాడజాలడు. బోధనలో మాత్రము మమ్మటుని త్రోవ విడువరాదు. దర్భ అంచు కత్తివలె నుండునని ఎరుగని విద్యార్థికి కుశలశబ్దము ఉత్తధ్వనియే. అదే రీతిగా అడ్డాకు చూడని విద్యార్థికి వడ్డించిన విస్తరి, నల్లేరు చూడని విలేకరికి నల్లేరుపై బండి. బండి జారిపోవుట రూఢిబలమున జరిగినది కాదు. వస్తుజ్ఞానము పోవుటచేత జరిగినది.

ప్రాచ్యకళాశాలలలో జాతీయములపైనను న్యాయములపైనను జరుగు పరిశోధనలు ఎక్కువగా కావ్యములనుండి ప్రయోగములు ఏరి, నిఘంటువులతో సరిచూచి, అకారాదిగా కూర్చుటతో ముగియుచున్నవి. 1868లో కార్ దొర తెలుగు సామెతలను సంకలనించి ప్రకటించిన నాడు అది గొప్ప పని. నేడదే పనిని మరల మరల చేయుట పనికిరాదు. కనుమలలో వేరొక దారిని చూపినవారు కలరు. పర్లాకిమిడిలో అధ్యాపకుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులు సవరలనుండియే వారి భాష నేర్చి, 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతమున కొండదొరల భాషయగు కుబిని వారినోటనే విని, కథలు, వ్యాకరణము, పదకోశము కూర్చి 1969లో గ్రంథముగా ప్రకటించిరి. కుబి, కువి భాషలు రెండును తెలుగు చేరిన దక్షిణమధ్య ద్రావిడ శాఖకే చెందినవి. గదబలలో కొందరిది ముండా భాష, కొందరిది ద్రావిడ భాష. పలుజాతులవారు కలసినప్పుడు ఆదివాసీ ఒడియాలో మాటాడుకొందురు. అమరము చదివిన శాస్త్రికి ఈ భాషలు పరాయివని అనిపించుట సహజమే. కాని తెలుగునకు సోదరియగు కుబిలో 'సులభము' అనుటకు ఏ చెట్టు, ఏ పని, ఏ బరువు ఆధారమైనదో తెలిసికొనుట తెలుగు శబ్దచరిత్రకు బయటి పని కాదు.

ఈ ప్రాంతము 2022లో పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఇచ్చటి పిల్లలు ఇంట ఒక భాష, సంతలో మరియొకటి, బడిలో తెలుగు పలుకుదురు. 2004 ప్రాంతమున మాతృభాషాధారిత విద్య యను పేర కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా మున్నగు భాషలలో తెలుగులిపితో ప్రాథమిక వాచకములు వ్రాయించుట మొదలైనది. ఆ వాచకములు వ్రాయువారికి పలుకుబడులు కావలెను. తెలుగు జాతీయమును పదమునకు పదముగా మార్చి కువిలో పెట్టుట వలన ప్రయోజనము లేదు. బండి ఎక్కని వాలున నల్లేరుపై బండి నడువదు. అక్కడి మాటను అక్కడివారినుండియే గ్రహింపవలెను.

దీనికి ప్రాచ్యకళాశాల చేయగల పని చిన్నదియే. ఉపాధిపరీక్షలకు సమర్పించు లఘువ్యాసములలో ఏటేట ఒకటి రెండైనను ఈ విషయమునకు కేటాయింపవచ్చును. విద్యార్థి ఒక్కొక్క పలుకుబడికి మూడు సంగతులు వ్రాయవలెను: అందలి వస్తువు ఎక్కడిది, దానిని సిద్ధము చేసినవారెవరు, పలికినవారు ఎక్కడ నిలిచి పలికిరి. కావ్యప్రయోగము తరువాతి మాట. మన్యమునుండి వచ్చిన విద్యార్థియున్న తరగతిలో అతని యింటిభాషయందలి పలుకుబడిని అతనిచేతనే వ్రాయించి, తెలుగుదానికి ప్రక్కన చేర్పవలెను. పరీక్షాపత్రమునందు 'సొంతవాక్యములో ప్రయోగింపుము' అనుదానితోపాటు 'ఇందు కర్తను పూరింపుము' అని మరియొక ప్రశ్న చేర్చుటకు పాఠ్యప్రణాళికను మార్చవలసిన అవసరము కూడ లేదు.